ఎనభై ఏళ్ల గొంతు



ముందు ఆ ఫోటో సంగతి చెప్పేస్తాను. మన సంఘం వాట్సాప్ గ్రూపులో చాలామంది చూశారు. చూడనివాళ్లకి చూసినవాళ్లు చెప్పారు. ఒక పెద్ద హోటల్ ముందు నేను చేతిలో పచ్చగా వెలిగే ప్లాస్టిక్ కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఫోటో అది. "అయ్యగారు అమెరికా వెళ్లింది వాక్యం చెప్పడానికా, లాస్ వెగాస్ చూడడానికా?" అని ఒక సహోదరి మా ఇంటావిడని అడిగారట. అడగవలసిన ప్రశ్నే. జూదానికి పేరుపడ్డ ఊళ్లో పాస్టరుకి ఏం పని? వెళ్లింది నిజం, చూసింది నిజం. ఏం చూశానో కూడా చెబితే సరిపోతుంది కదా.

లాస్ ఏంజిలిస్ దగ్గర మన తెలుగువాళ్ల సహవాసం ఒకటి ఉంది. వాళ్లకి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ సంఘంవాళ్ల హాలుని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటారు. ఈ ఏడాది వాళ్ల ఆహ్వానం మీదే నేను వెళ్లాను. ఆ అమెరికన్ సంఘంలో ఆర్గన్ వాయించే పెద్దావిడ ఒకరున్నారు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. ఉదయం వాళ్ల ఆరాధన అయిపోయినా ఇంటికి వెళ్లకుండా, మన తెలుగు ఆరాధనలో వెనక బెంచీ మీద కూర్చుంటారు. ఒక్క మాట అర్థం కాదు. కానీ కీర్తన మొదలవగానే ఆమె కాలు తాళం వేస్తుంది. రెండేళ్ల కిందట భర్త చనిపోయారు.

ఆమె దగ్గర బ్యారీ మానిలో కచేరీకి రెండు టికెట్లున్నాయి. తోడు వస్తానన్న స్నేహితురాలికి జబ్బు చేసింది. అంత దూరం ఆమె ఒక్కతే కారు నడపలేరు. నాకు ఆతిథ్యం ఇచ్చిన సహోదరుడు తను నడుపుతానని ముందుకొచ్చి, తనకొక టికెట్ కొనుక్కుని, మిగిలిన సీటు నాకిప్పించాడు. నేను మా ఇంటావిడకి ఫోన్ చేశాను. "ఆ పెద్దావిడకి తోడెవరూ లేరంటున్నారుగా, వెళ్లి రండి. డబ్బులు మాత్రం జేబులోనే ఉంచుకోండి" అంది. అదీ నాకు దొరికిన అనుమతి.

దాదాపు 430 కిలోమీటర్లు. దారంతా ఎడారి. చేతులు పైకెత్తి నిలబడ్డట్టుండే ఒక రకం చెట్లు అక్కడక్కడా కనిపించాయి. వాటికి యెహోషువ పేరే పెట్టారు. వాటి గురించి ఒక ప్రసంగమే చెప్పొచ్చు, ఇవాళ వద్దు.

మీలో చాలామందికి ఈ బ్యారీ మానిలో ఎవరో తెలియదు. నాకూ తెలియదు. కారులో ఆ పెద్దావిడ చెప్పిందీ, తర్వాత నేను చదువుకున్నదీ కలిపి చెబుతున్నాను. 1943లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. పేద యూదుల కుటుంబం. తండ్రి వదిలి వెళ్లిపోతే తల్లి, తల్లి తరఫు అమ్మమ్మ తాతయ్య పెంచారు. చిన్నప్పుడు వాయించింది అకార్డియన్. అంటే మన హార్మోనియాన్ని మెడలో తగిలించుకుని వాయించినట్టన్నమాట. తర్వాత సవతి తండ్రి ఇంటికి పియానో, మంచి మంచి రికార్డులూ తెచ్చాడు. పెద్దయ్యాక పొట్టకూటికి టీవీ ప్రకటనలకి పాటలు కట్టాడు. పొరుగువాడి పేరు చెప్పుకుని ఇన్సూరెన్స్ అమ్ముకునే కంపెనీ పాట, దెబ్బ మీద అంటించుకునే బ్యాండ్-ఎయిడ్ పాట ఆయన కట్టినవే. 1974లో 'మ్యాండీ' అనే పాటతో పేరొచ్చింది. అక్కణ్ణించి డెబ్బైల దశాబ్దమంతా రేడియోలో ఆయనే.

మెత్తని పాటలు. ప్రేమ, ఎడబాటు, జ్ఞాపకం. కేకలుండవు, తిరుగుబాటు ఉండదు. విమర్శకులు చక్కెర పాకం అని వెక్కిరించారు. ఎంత వెక్కిరించారంటే, 2006లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ దగ్గర ఒక పార్కులో రాత్రుళ్లు గోల చేసే కుర్రాళ్లని తరిమేయడానికి అక్కడి కౌన్సిల్‌వాళ్లు స్పీకర్లు పెట్టి ఈయన పాటలు వేశారు. 2022లో న్యూజీలాండ్ పార్లమెంటు ముందు బైఠాయించినవాళ్లని లేపడానికి కూడా అక్కడి స్పీకరు గారు ఇదే పని చేయించారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే మన గుడి మైకు గుర్తొచ్చి నవ్వు ఆగింది. తెల్లవారుజామున మనం వేసే పాటలు పక్క వీధివాళ్లకి ఎలా వినిపిస్తున్నాయో ఎప్పుడైనా అడిగామా? ఒకే పాట ఒకరికి పిలుపు, ఇంకొకరికి తరిమివేత. ఈ సంగతి కమిటీలో వేరుగా మాట్లాడదాం.

ఆ హోటల్ పేరు వెస్ట్‌గేట్. థియేటరుకి వెళ్లాలంటే జూదపు యంత్రాల మధ్య నుంచే నడవాలి. దారి అలాగే కట్టారు, తెలివైనవాళ్లు. ఆ యంత్రాల ముందు కూర్చున్నవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. ఎవరి ముఖంలోనూ సంతోషం కనిపించలేదు. నా కళ్లకి ఆ హాలంతా వెలుతురున్న చీకటిలా తోచింది. నేను ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని నడిపించాను, నిజం చెప్పాలంటే ఆమే నన్ను నడిపించింది. ఎల్విస్ ప్రెస్లీ పాడిన హోటల్ అదే. అక్కడ ఆయన 636 కచేరీలు చేశాడు. ఆ లెక్కని 2023 సెప్టెంబరులో మానిలో దాటాడు. అప్పటికి ఆయనకి 80 ఏళ్లు.

లోపలికి వెళ్లగానే చేతికో వెలుగు కడ్డీ ఇచ్చారు. ఫోటోలోది అదే. జూదం తాలూకు వస్తువు కాదు, దయచేసి అందరికీ చెప్పండి.

దీపాలారాయి. ఆయన వచ్చాడు. మెరిసే కోటు. సన్నటి మనిషి. నడకలో కొంచెం జాగ్రత్త. గొంతు విప్పగానే నాకు తెలిసిపోయింది, అది ఎనభై దాటిన గొంతే. అంచులు అరిగిపోయాయి. కొన్నిచోట్ల మాట స్వరాన్ని అందుకోవడానికి అర క్షణం ఆగింది. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం పాటలు వింటున్నవాణ్ణి, గొంతు ఎక్కడ అలిసిపోతుందో నాకు తెలుసు.

అయినా జనం లేచి నిలబడ్డారు. ఎందుకు? అప్పటి నుంచి నేను పాట వినడం తగ్గించి, ఆయన చుట్టూ జరుగుతున్నది చూడడం మొదలుపెట్టాను.

ఆయన ఒంటరిగా పాడడం లేదు. వెనక నిలబడి పాడేవాళ్లున్నారు. స్వరం పైకి వెళ్లాల్సిన చోట వాళ్లు గట్టిగా అందుకుంటున్నారు, ఆయన గొంతు వాళ్ల మధ్యలో కలిసిపోతోంది. ఎవరూ ఆయన్ని మింగేయడం లేదు, కింద పడనివ్వడమూ లేదు. కాసేపు నిలబడతాడు, కాసేపు పియానో ముందు కూర్చుంటాడు. పాట చివరికొచ్చేసరికి శృతి ఒక మెట్టు పైకెక్కుతుంది. ఆయన పాటల్లో అది పేరుపడ్డ పద్ధతి. ఎక్కించే భారం వాయిద్యాలది, ఎక్కామన్న సంతోషం మనది. మధ్యమధ్యలో మాటలు. భార్యలు లాక్కొస్తే వచ్చి కూర్చున్న భర్తల మీద జోకులు, తన మీద తనకే జోకులు. ఆ మాటలు నవ్వించడానికి మాత్రమే కాదు, ఊపిరి తీసుకోవడానికి కూడా. ప్రసంగం మధ్యలో నేను మంచినీళ్లు తాగేది కూడా అందుకే, మీరు గమనించే ఉంటారు.

ఇదంతా నాటకమా? సెమినరీలో మాకు ప్రసంగశాస్త్రం చెప్పిన అయ్యగారు ఎప్పుడూ ఒక హెచ్చరిక చేసేవారు, వేదిక మీద ప్రదర్శన పనికిరాదని. ఆ మాట ఇప్పటికీ నమ్ముతాను. దేవుని సన్నిధిలో మెరిసే కోటుకి చోటు లేదు. కానీ ఆ రాత్రి నాకొక తేడా కనిపించింది. తనని చూడమని చేసే ప్రదర్శన ఒకటి. వచ్చినవాళ్లు దూరం నుంచి వచ్చారు, డబ్బు పెట్టుకుని వచ్చారు, కొందరు దుఃఖంతో వచ్చారు, వాళ్లని ఉత్త చేతులతో పంపకూడదు అని చేసే మర్యాద ఇంకొకటి. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఆయనలో ఏది ఎంత పాలో తూచడానికి నేనెవర్ని? కానీ రెండోది ఉంది. అది లేకుండా యాభై ఏళ్ల పాటు ఒకే పాటని ఎవరూ అలా పాడలేరు.

'మ్యాండీ' దగ్గర జరిగింది చెబుతాను. పెద్ద తెర మీద 1975 నాటి టీవీ వీడియో వేశారు. ముప్పై ఒకటో, ముప్పై రెండో ఏళ్ల కుర్రాడు పియానో ముందు కూర్చుని ఆ పాట పాడుతున్నాడు. గొంతులో ఒక్క గీత లేదు. తర్వాత ఆ కుర్రాడి నోటి నుంచి పాటని ఈ ముసలాయన అందుకున్నాడు. ఒకే మనిషి, ఒకే పాట, మధ్యలో యాభై ఏళ్లు. తన పాత గొంతుని పక్కన పెట్టుకుని ఇప్పటి గొంతుతో పాడడానికి ధైర్యం కావాలి. నేనైతే నా ఇరవై ఏళ్ల కిందటి ప్రసంగం రికార్డు వేసి, దాని వెంటనే ఇప్పటిది చెప్పమంటే చెప్పలేను. అప్పట్లో గొంతు పెద్దది, వాక్యం తక్కువ. ఇప్పుడు ఏమిటో మీరే చెప్పాలి.

తాత గురించి కూడా చెప్పాడు. ఆయన చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడు తాత అతన్ని టైమ్స్ స్క్వేర్‌కి తీసుకెళ్లేవాడట. అక్కడ పావు డాలరు వేస్తే గొంతు రికార్డు చేసి ఇచ్చే చిన్న గది ఉండేది. పాడరా, పాడరా అని తాత బతిమాలడం, పిల్లాడు మొండికేయడం ఆ రికార్డులో ఉంది. 1973లో వచ్చిన తన మొదటి ఆల్బంలో ఆ ముక్కని దాచిపెట్టుకున్నాడు. పావు డాలరు ఆ పేద తాతకి చిన్న మొత్తం కాదు. పిల్లాడు పాడలేదు, తాత ఆశ వదులుకోలేదు. ఇప్పుడు ఈయన పేరు మీద నడిచే సంస్థ బడిపిల్లలకి వాయిద్యాలు ఇస్తోంది. ఊరూరా కచేరీలకి వెళ్లినప్పుడు, ఇంట్లో పడి ఉన్న పాత వాయిద్యం తెచ్చి ఇచ్చినవాళ్లకి టికెట్లు ఇచ్చేవారట. మన ఇళ్లల్లో అటక మీద ఎన్ని పాత హార్మోనియాలున్నాయో!

ఇంకొక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. 'ఐ రైట్ ద సాంగ్స్' అని ఆయన పాడిన పాట ఒకటుంది, పాటలు రాసేది నేనే అని దాని అర్థం. అది 1976లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. తమాషా ఏమిటంటే ఆ పాట ఆయన రాసింది కాదు. బీచ్ బాయ్స్ బృందంలోని బ్రూస్ జాన్‌స్టన్ రాశాడు. పాడితే తనని తాను పొగుడుకుంటున్నాడనుకుంటారని మానిలో మొదట వెనకాడాడు. రాసినాయన చెప్పిన మాట ఏమిటంటే, ఆ పాటలో 'నేను' అన్నది దేవుడట. నాకు మన కీర్తనల పుస్తకం గుర్తొచ్చింది. పురుషోత్తమ చౌదరి గారు 1890లో ప్రభువు నందు నిద్రించారు. ఆయన రాసుకున్న 'నేను'ని మనం ప్రతి ఆదివారం మన నోటితో పలుకుతున్నాం. అది రాసినాయన 'నేనా', పాడేవాడి 'నేనా', లేక మనిద్దరి కంటే పెద్దవాడిదా?

ఇక్కడికి నేను చెప్పాల్సిన అసలు సంగతికి వచ్చాను.

మన పాటల తాతగారి గురించి నేను అమెరికా వెళ్లే ముందు కమిటీకి ఒక కాగితం వచ్చింది. మీకందరికీ తెలిసిన విషయమే కాబట్టి దాచడం లేదు. నలభై ఏళ్లుగా ఆయనే పాట ఎత్తుతున్నారు. వారమంతా కుట్టుమిషను తొక్కి, ఆదివారం హార్మోనియం ముందు నిలబడతారు. ఇప్పుడు 78 ఏళ్లు. ఊపిరి చాలడం లేదు. చరణాలు మరిచిపోతున్నారు. పై స్వరం దగ్గర గొంతు పగులుతోంది, వెనక పిల్లలు నవ్వుతున్నారు. క్రిస్మస్ నుంచి పాటల పరిచర్య యూత్‌కి అప్పగించాలని ఆ కాగితంలో ఉంది. రాసిన పిల్లలు చెడ్డవాళ్లు కాదు, కోపంతో రాయలేదు. వాళ్ల బాధ నిజమే. కీబోర్డు ఒక దారిలో, ఆయన ఒక దారిలో పోతుంటే ఆరాధన ఎలా సాగుతుంది? మన పెద్ద ఒకరు వాక్యం కూడా చూపించారు, రెండవ సమూయేలు 19వ అధ్యాయం. ఎనభై ఏళ్ల బర్జిల్లయి, దావీదు రాజు యెరూషలేముకి రమ్మంటే, నాకు రుచి తెలియడం లేదు, గాయకుల స్వరం వినబడడం లేదు, నా బదులు కింహాముని తీసుకెళ్లండి అన్నాడు. వయసు మళ్లినవాడు తప్పుకుని చిన్నవాణ్ణి పంపడం వాక్యానుసారమే కదా అని ఆయన వాదన.

బలమైన వాదనే. నేను తిరిగొచ్చాక చూద్దామన్నాను. ఆ వాక్యం నా సామానుతో పాటు విమానం ఎక్కింది. ఆ థియేటరులో, బర్జిల్లయి వయసున్న మనిషి పాడుతుంటే, ఆ అధ్యాయాన్ని మళ్లీ మనసులో చదువుకున్నాను. అందులో రాజు రమ్మన్నాడు. తాను రానని చెప్పింది బర్జిల్లయి. నీకు వయసైపోయింది, నీ కొడుకుని పంపు అని దావీదు అనలేదు. ఇల్లు వదిలి పారిపోతున్నప్పుడు తనకి తిండి పెట్టినవాణ్ణి రాజు మరిచిపోలేదు. తప్పుకునే మాట ముసలివాడి నోటి నుంచి రావాలి, రమ్మనే మాట రాజు నోటి నుంచి రావాలి. మనం ఆ రెండు మాటల్నీ తారుమారు చేస్తున్నామేమో.

సంఖ్యాకాండము 8వ అధ్యాయంలో లేవీయుల సంగతి కూడా చూడండి. యాభై ఏళ్లు నిండితే బరువు పని మానాలి. కానీ గుడారం వదిలి వెళ్లిపోవాలని లేదు. అక్కడే ఉండి తమ సహోదరులకి సహాయం చేయాలి. పని తీసేశారు గాని చోటు తీసేయలేదు. లాస్ వెగాస్‌లో లోకస్థులు ఒక ముసలి గాయకుడి చుట్టూ అంత ఏర్పాటు చేస్తున్నారు. వెనక గొంతులు, కూర్చోడానికి చోటు, ఊపిరికి వ్యవధి, అన్నీ లెక్కగట్టి పెట్టారు. వాళ్లకి అందులో డబ్బుంది, నిజమే. మనకి అందులో ఏముంది? మన తాతగారికి గుక్కెడు నీళ్లు కూడా పక్కన పెట్టలేదు మనం.

'కాంట్ స్మైల్ వితౌట్ యూ' అనే పాటకి హాలంతా కలిసి పాడింది. నువ్వు లేకుండా నవ్వలేను అని ఆ పేరుకి అర్థం. వెలుగు కడ్డీలన్నీ ఊగుతున్నాయి. మా పెద్దావిడ మాత్రం కడ్డీని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. పాటంతా పెదవి కదపలేదు. నేను ఏమీ అడగలేదు. తిరుగు దారిలో, ఎడారి మధ్యలో, ఆమే చెప్పింది. భర్తకి ఈ గాయకుడంటే అస్సలు పడదట. అయినా ప్రతిసారీ వెంట వచ్చేవాడట, వచ్చి నిద్రపోయేవాడట, ఈ ఒక్క పాటకి మాత్రం లేచేవాడట. అంత చెప్పి నవ్వింది. తర్వాత చాలాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

ఊరికి వచ్చాక మొదట తాతగారి ఇంటికే వెళ్లాను. కమిటీ కాగితం గురించి ఆయనకి అప్పటికే తెలుసు. మన ఊళ్లో తెలియకపోవడం ఉంటుందా! కానీ దాని ఊసెత్తలేదు. కచేరీ సంగతంతా చెప్పించుకున్నారు. ఆ అమెరికా ముసలాయన ఏ శృతిలో పాడాడని అడిగారు. నాకు తెలియదన్నాను. కూర్చుని పాడాడా, నిలబడి పాడాడా అని అడిగారు. రెండూ అన్నాను. "గుళ్లో కూర్చుని పాడితే తప్పంటారేమోనని నేనెప్పుడూ కూర్చోలేదు అయ్యగారూ, మోకాళ్లు ఆగడం లేదు" అన్నారు. నలభై ఏళ్లలో ఆ మాట ఎవరికీ చెప్పలేదాయన.

కీబోర్డు వాయించే అబ్బాయిని పిలిపించాను. ఆ కాగితం మీద మొదటి సంతకం వాడిదే. తాతగారు నాలుగు శృతిలో పట్టుకుని లాగుతున్న కీర్తనల్ని ఇద్దరూ కూర్చుని రెండున్నరకి దించారు. వాడికి అది ఒక బటన్ నొక్కే పని. ఆయనకి నలభై ఏళ్ల అలవాటు మార్చుకునే పని, అయినా మార్చుకున్నారు. పై స్వరాలు యూత్ ఆడపిల్లలు అందుకుంటామన్నారు. మొన్న ఆదివారం మూడో చరణం దగ్గర మళ్లీ మరిచిపోయారు. అబ్బాయి అందించేలోపే ఆడవాళ్ల వైపు నుంచి చరణం లేచింది. తాతగారు హార్మోనియం ఆపకుండా తల వంచుకుని విన్నారు, పల్లవికి మళ్లీ కలిశారు.

క్రిస్మస్ సంగతి ఇంకా తేలలేదు. వచ్చే నెల కమిటీలో మాట్లాడతాం. ఆ కాగితం కూడా బల్ల మీదే ఉంటుంది, తాతగారూ ఉంటారు.

ఈలోగా ఒక కుర్చీ కావాలి. ఇప్పుడు వేసిన ప్లాస్టిక్ కుర్చీ పనికిరావడం లేదు. లేచేటప్పుడు పట్టుకోడానికి చేతులున్న కర్ర కుర్చీ అయితే బాగుంటుందని ఆయన అడిగారు, హార్మోనియం బల్ల ఎత్తుకి సరిపోవాలి. ఎవరింట్లోనైనా అలాంటిది ఉంటే శనివారం సాయంత్రంలోగా మందిరం దగ్గరికి పంపించండి.